ఒక ఇరుసు నుండి ఎనిమిది ఇరుసుల దాకా

ఆవిరి ఇంజను ఏ పని కోసం పుట్టిందో దాని చక్రాలే చెబుతాయి. న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియానికి చెందిన రెండు ఇంజన్లను పోల్చి చూస్తే, మొదటి మెయిలు బండ్ల నాటి నుండి విశాఖ రేవు నాటి వరకు సాగిన పరిణామం తేటతెల్లమవుతుంది.

మొదటిదైన ఫెయిరీ క్వీన్ 1855లో ఇంగ్లాండులోని లీడ్స్ నగరంలో తయారై, ఈస్ట్ ఇండియన్ రైల్వేలో 22వ నంబరు ఇంజనుగా హౌరా, రాణీగంజ్ మధ్య మెయిలు బండ్లను లాగి, 1909లో విరమించింది. సిలిండర్ల బలాన్ని అందుకొని బండిని నడిపించే చక్రాలను చోదక చక్రాలంటారు. ఈ ఇంజనుకు అవి ఒక్క జతే, ఎత్తు ఆరడుగులు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 19 అడుగులు సాగేది కనుక పిస్టన్లను మరీ వేగంగా ఆడించకుండానే పరుగు సాధ్యమైంది. అయితే పట్టాలపై పట్టు చోదక చక్రాల మీద పడే బరువును బట్టి ఉంటుంది. 26 టన్నుల ఇంజను బరువులో కొంత భాగమే ఆ ఇరుసుపై పడటంతో పెద్ద బరువులు లాగడం దానికి అలవి కాని పని.

అలాంటి పెద్ద బరువులు లాగే అవసరం తరువాత తూర్పు తీరంలో ఏర్పడింది. అక్కడ 1893-96 మధ్య కటక్, బెజవాడలను కలుపుతూ తూర్పు తీర రైలుమార్గం వెలిసింది. తరువాత విశాఖలోని వాల్తేరుకు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు, దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు దక్కడంతో వాల్తేరు రెండు సంస్థల కూడలి అయింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయి, 1933లో విశాఖ రేవు ప్రారంభమయ్యాక, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి దగ్గరైంది.

ఉత్తరాలను మోసిన కాలం పోయి, కొండ రాళ్లను మోసే కాలం వచ్చిందన్నమాట. బెంగాల్ నాగపూర్ రైల్వే మాంచెస్టరు నుండి తెప్పించుకున్న ‘ఎన్’ తరగతి గారట్ ఇంజన్లు అటువంటి భారీ సరుకు బండ్ల కోసమే పుట్టాయి. మ్యూజియంలోని 815వ నంబరు ఇంజను ఆ తరగతిదే. బాయిలరును మధ్యలో ఉంచి, ముందొకటి వెనకొకటిగా రెండు చక్రాల వరుసలపై మోయించడం గారట్ పద్ధతి. అందువల్ల 234 టన్నుల ఇంజను సైతం వంపుల్లో ఒదిగి సాగేది. దాని చోదక చక్రాలు ఎనిమిది జతలు. ఎత్తు మాత్రం ఐదడుగులకు లోపే. అంటే వేగాన్ని వదులుకొని లాగే బలాన్ని పెంచుకున్నదన్నమాట.

ఫెయిరీ క్వీన్ 1997లో మరమ్మతులు పొంది మళ్లీ పట్టాలెక్కడం గర్వకారణమే. దానితో పాటు గారట్ వంటి సరుకు ఇంజన్లనూ అంతే శ్రద్ధతో కాపాడుకోవాలి; ఎందుకంటే విశాఖ వంటి రేవు పట్టణాల బ్రతుకు వేగం కన్నా బరువు మీదనే నిలబడింది.