సున్నకు తిరిగిన లెక్క

కర్నూలును ఆనుకొనియున్న కల్లూరులో ఒక ఇంటి గోడకు నాలుగంకెల పాత విద్యుత్ మీటరు ఉన్నదనుకొందము. క్రిందటి నెల అది 9,990 చూపినది. ఈ నెల 0015 చూపుచున్నది. బిల్లు వ్రాయువాడు తికమకపడడు. అంకెలు 9,999 దాటి సున్నకు తిరిగినవని గ్రహించి 25 యూనిట్లు వేయును. కాని అతడు ఏండ్ల తరబడి రానిచో, మీటరు ఎన్ని చుట్లు తిరిగినదో ఎవరు చెప్పగలరు?

ఇట్టి మీటర్లే కంప్యూటరు ప్రాసెసరులోను కలవు. 1993లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పెంటియమ్‌లో అవి రెండు. గడియారపు స్పందనలు, నెరవేరిన ఆదేశములు మున్నగువానిలో కోరినదానిని అవి లెక్కించును. వాని మర్మమును సంస్థ మొదట అందరికి తెలుపలేదు; 1994లో టెర్యే మాథిసెన్ స్వయముగా శోధించి ‘బైట్’ పత్రికలో వెల్లడించెను. 2009లో లినక్స్ 2.6.31 కెర్నెల్‌లో, అనగా యంత్రమును నడపు మూల ప్రోగ్రాములో, ఈ లెక్కలు తీయు ఏర్పాటు చేరినది.

ఇంటెల్ మీటర్లలో కొన్ని 40 బిట్లవి. అవి సుమారు 1,09,951 కోట్ల వరకు లెక్కించి సున్నకు తిరుగును. సెకనుకు 200 కోట్ల స్పందనలైనచో తొమ్మిది నిమిషములలో ఒక చుట్టు పూర్తియగును! పూర్వము మీటరులో 32 బిట్లు మాత్రమే వ్రాయు వీలుండుటచే, కెర్నెల్ త్వరత్వరగా రీడింగు తీసెడిది. పూర్తి వెడల్పున వ్రాయు సౌకర్యము వచ్చిన తరువాత, 2013లో, గడువును పూర్తి చుట్టుకు పెంచిరి. చిక్కు అక్కడ పుట్టినది.

మన మీటరు 0100 నుండి 7000కు వచ్చినదనుకొనుడు. ముందునకు 6,900 నడచినదా, వెనుకకు 3,100 నడచినదా? కెర్నెల్‌లోని తీసివేత, సగము చుట్టు మించిన తేడాను ఋణసంఖ్యగా చదివెడిది. మీటరు వెనుకకు తిరుగదని విద్యార్థి కూడ ఎరుగును గాని, యంత్రమునకు ఎవరును చెప్పలేదు. రెండు నిమిషముల పరీక్షలో ఈ దోషము బయటపడదు. దీర్ఘమైన గణనలోనే పడును. పైగా నైట్స్ లాండింగ్ అను ప్రాసెసరు దీనికి లోనైనది. అది మహాగణకములకై చేసినది. ఏ ప్రోగ్రాము ఎంత పని చేయుచున్నదో తేల్చు లెక్కయే తప్పినచో, దానినిబట్టి చేయు దిద్దుబాట్లన్నియు పెడదారి పట్టును.

2016లో ఫిర్యాదు రాగా పీటర్ జైల్‌స్ట్రా దానిని సవరించెను. గడువును సగము చుట్టుకు తగ్గించెను. తేడాకు ఋణచిహ్నము రాకుండ చేసెను. మార్పు కొద్ది పంక్తులే. అది ఆ డిసెంబరులో వెలువడిన లినక్స్ 4.9 నాటిది. ఇంటెల్‌వారి 48 బిట్ల మీటర్లకు అదే వేగమున ఒక చుట్టు తిరుగుటకు సుమారు 39 గంటలు పట్టును.