రెండు నీళ్ల నడుమ ఒక గడ్డ

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే హైవే మీద, వనపర్తి జిల్లా పెబ్బేరు దాటాక, బీచుపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. వంతెన దిగితే నడిగడ్డ. గంట తిరిగేలోపు ఇంకో వంతెన, కింద తుంగభద్ర, అవతల కర్నూలు. ఈ రెండు వంతెనల మధ్య ఉన్నది గద్వాల, అలంపురం సీమ. పడమటికి పోతే ఇదే నేల రాయచూరు దాకా, ఇంకా అవతల దాకా సాగుతుంది.

దేశం అంటే ఇప్పుడు మనకి పాస్‌పోర్టు ఇచ్చేది. పాత వాడుకలో వెలనాడు, పాకనాడు కూడా దేశాలే. ఆ లెక్కన కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్నదీ ఒక దేశమే. దానికి కనీసం నాలుగు భాషల్లో పేర్లున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకే అర్థానికి అనువాదాల్లా కనిపిస్తాయి. కానీ ఒక్కో పేరు వెనక ఒక్కో చూపు ఉంది.

అన్నిటికన్నా పాతది కన్నడ పేరు, ఎడెదొరె. చాళుక్యుల కాలపు శాసనాల్లో ఇది ‘ఎడెదొరె రెండువేల నాడు’. ఎడె అంటే నడుమ. మన ‘ఎడం’, ‘ఎడబాటు’ల్లో ఉన్న ఎడ అదే. దొరె అంటే ఏరు. పదకొండో శతాబ్దం మొదట్లో రాజేంద్ర చోళుడు ఇటు దండెత్తి వచ్చాడు. అతని తమిళ శాసనాల్లో, జయించిన నాడుల వరసలో, ఇదే పేరు ఇడైతురైనాడు అయింది. తమిళంలో తురై అంటే రేవు. కన్నడిగుల ఏరు తమిళుల నోట రేవులా వినిపించిందన్నమాట. కావేరి ఒడ్డున మైసూరు దగ్గర ఎడతొరె అనే ఊరు ఒకటి ఉండేది. శాసనంలోది ఆ ఊరే అనుకున్న పండితులూ ఉన్నారు. కాదు, కృష్ణా తుంగభద్రల మధ్య నేల అని తేల్చింది ఫ్లీట్. పేరు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారితే, దేశాన్నే వేరే నది ఒడ్డున వెతకాల్సి వచ్చింది.

తర్వాత వచ్చింది పారశీకం. దో అంటే రెండు, ఆబ్ అంటే నీళ్లు. దోఆబ్. పంజాబ్‌లో ఉన్నదీ ఈ ఆబే. బహమనీలూ విజయనగర రాజులూ పద్నాలుగో శతాబ్దం నుంచీ ఈ దోఆబ్ కోసం కొట్టుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు గెలిచాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత అది మళ్లీ బీజాపూరు చేతికి పోయింది. 1853లో నిజాం తన దగ్గరున్న ఇంగ్లిష్ సైన్యం ఖర్చుల బాకీ కింద బేరారుతో పాటు రాయచూరు దోఆబ్‌ని కంపెనీకి అప్పజెప్పాడు. 1860లో అది తిరిగొచ్చింది. ఇంత చరిత్రలో దోఆబ్ అన్న మాట ఎక్కడ కనిపించినా, పక్కన ఒక కోటో, ఒక శిస్తు లెక్కో, ఒక ఒప్పందం కాగితమో ఉంటుంది. అది గెలిచేవాళ్ల మాట, తాకట్టు పెట్టేవాళ్ల మాట.

మరి తెలుగు పేరు? నడి అంటే మధ్య: నడివీధి, నడిరేయి, నడిసంద్రం. గడ్డ అంటే నేల, ఒడ్డు. ఏట్లో పడ్డవాడు ఈది చేరేది గడ్డకే. (ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాగు. అది వేరే కథ.) ఎడెదొరె ఏటిని చెబుతుంది, దోఆబ్ నీళ్లని లెక్కపెడుతుంది. నడిగడ్డలో మాత్రం నీటి మాటే లేదు, ఉన్నది నేల. రెండు ఏర్లూ పొంగినప్పుడు మధ్యలో కాళ్లకింద మిగిలేది ఏమిటో ఆ పేరు పెట్టినవాళ్లకి తెలుసు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే నడికీ నదికీ తేడా ఉండదు. బయటివాళ్లు ‘నదిగడ్డ’ అని చదివేస్తారు. లేని నీళ్లు స్పెల్లింగులో వచ్చిచేరతాయి.

ఇలాంటి దేశం ప్రపంచంలో ఇదొక్కటే కాదు. గ్రీకులు మెసొపొటేమియా అన్నదీ నదుల నడుమ నేలనే. అరబ్బీలో అది రెండు ఏర్ల దేశం. గంగా యమునల మధ్య నేలని సంస్కృతంలో అంతర్వేది అన్నారు. అక్కడ పేరులో ఉన్నది వేదిక, అంటే యజ్ఞం చేసేవాళ్ల చూపు. పేరుని బట్టి దేశం సంగతి ఎంత తెలుస్తుందో, ఆ పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా అంతే తెలుస్తుంది.

1956 దాకా ఈ పేర్లన్నీ దాదాపు ఒకే నేలవి. నిజాం రాజ్యంలో గద్వాల, అలంపురం రాయచూరు జిల్లాలోనే ఉండేవి. భాషని బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. అప్పట్నుంచీ దోఆబ్ అంటే రాయచూరు, నడిగడ్డ అంటే గద్వాల, అలంపురం. ఒకే నేలకున్న రెండు పేర్లు రెండు నేలలవయ్యాయి.

ఆ చీలిక కాలవలోనూ కనిపిస్తుంది. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే కాలవ మొదలయ్యేది కర్ణాటకలో, చివరికొచ్చేది అలంపురం వైపు. ఇక్కడ తడవాల్సింది 87,500 ఎకరాలు, కేటాయించింది 15.9 టీఎంసీలు. కాయితం మీద ఉన్న నీళ్లు చివరి పొలాలకి రావడం లేదన్న గొడవ దశాబ్దాలది. ఆ లోటు పూడ్చడానికే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల వచ్చింది. ఇక తూర్పు కొసన, రెండు నదులూ కలిసేచోట, కష్టం తలకిందులు. శ్రీశైలం జలాశయం వెనకనీళ్లలో అలంపురం వైపు ఊళ్లూ, అవతల నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూర్ వైపు ఊళ్లూ మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఒక కొసన నీళ్లు రాలేదు, ఇంకో కొసన గడ్డే మిగల్లేదు.

2016లో జిల్లాలు కొత్తగా చేసినప్పుడు మొదటి జాబితాలో గద్వాల లేదు. జనం రోడ్డెక్కారు. అక్టోబర్ 11న వనపర్తి, నాగర్‌కర్నూలుతో పాటు ఇదీ జిల్లా అయింది. అధికారిక పేరు మాత్రం జోగులాంబ గద్వాల. అలంపురం అమ్మవారూ, సంస్థానం కోటా కలిసి జిల్లా పేరైతే, నడిగడ్డ ఆ పేరులో చోటు దొరక్క బయటే ఉండిపోయింది.

అయినా ఆ మాట చచ్చిపోలేదు. నీళ్ల కోసం, జిల్లా కోసం జనం అడిగినప్పుడల్లా నోటికొచ్చిన పేరు అదే. ఎడెదొరె ఇప్పుడు శాసనాల్లో ఉంది, ఇడైతురైనాడు చోళుల విజయాల జాబితాలో ఉంది. దోఆబ్ చరిత్ర పుస్తకాల్లో ఉంది. ‘మాది నడిగడ్డ’ అనేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.