బస్రా చెంబు అడుగున ఏముంది?

దసరాకి మా ఇంట్లో బొమ్మలు పెడతాం. మైసూరు సీమలో ఉన్నవాళ్ళం కదా, మనకీ ఆ అలవాటు వచ్చింది. మెట్ల పక్కన ప్రతి ఏడూ ఒక ఇత్తడి గొట్టంలో చేమంతులు పెడుతుంది అమ్మ. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడుగు, అడుగున చుట్టూ అంచు. ఇంట్లో అందరూ దాన్ని "బస్రా చెంబు" అంటారు. చెంబు ఆకారం ఏమీ లేదు, అయినా పేరు అదే.

కథ మీరూ ఊహించే ఉంటారు. మా ముత్తాత మద్రాస్ సాపర్లలో సిపాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా వెళ్ళి, బస్రా నుంచి తుర్కుల ఫిరంగి గుండు తెచ్చాడు, అదే ఇది. హలసూరు చెరువు చుట్టుపక్కల ఉన్న పాత తెలుగు ఇళ్ళలో ఇలాంటి కథలు చాలా వినిపిస్తాయి, ఎందుకంటే సాపర్ల కేంద్రం అక్కడే. మద్రాస్ సాపర్లు మెసొపొటేమియాలో పోరాడింది నిజమే. ముత్తాత వెళ్ళిందీ నిజమే, పింఛను కాగితం ఉంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "పని చేస్తుంది" అంటే "చూపించండి" అనడమే నా జీతం. ఇంట్లో మాత్రం ముప్పై ఏళ్ళు ఆ చెంబుని తిప్పి చూడలేదు. పోయిన ఏడు పూలు తీసేసి కడుగుతుంటే అడుగున గీతల్లాంటివి కనిపించాయి. చింతపండుతో ఎనభై ఏళ్ళు తోమితే అక్షరాలు ఎంత మిగులుతాయి? పలచటి కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దాను. మా ప్రైమరీ స్కూల్లో రూపాయి నాణెం మీద అలాగే ఆడేవాళ్ళం.

ముందు తేలింది, ఇది గుండు కాదు. గుండు ఎగిరిపోయి పగిలిపోతుంది. వెనక మందు ఉండే ఇత్తడి తోటా మాత్రం ఫిరంగి దగ్గరే మిగిలిపోతుంది. కాబట్టి ఇళ్ళలో పూలకుండీలైనవి ఎక్కువగా ఖాళీ తోటాలే. ఇంకో సంగతి, తుర్కులది అన్న మాట కూడా పోయింది. "25 పి.ఆర్." అని ఉంది. పి.ఆర్. అంటే పౌండర్. ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులకి గుండు బరువుని బట్టి పేరు పెట్టేవాళ్ళు.

అసలు చిక్కు ఇక్కడే. మొదటి యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ముఖ్యమైన మైదానపు ఫిరంగి 18 పౌండర్. అది 1904లో వచ్చింది. 25 పౌండర్ 1930ల చివర్లో వచ్చింది. మొదట్లో కొన్నింటిని పాత 18 పౌండర్ బండ్ల మీదే ఎక్కించారు. అంటే మా ముత్తాత బస్రాలో ఉన్న రోజులకి ఈ తోటా పట్టే ఫిరంగే పుట్టలేదు.

ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదని కొలతలు తీశాను. 18 పౌండర్ గొట్టం వ్యాసం 84 మి.మీ. దగ్గర, 25 పౌండర్‌ది 88 మి.మీ. దగ్గర. మాది రెండోదే. మూతి అంచు కూడా సాక్ష్యం చెబుతుంది. 18 పౌండర్‌లో గుండునీ తోటానీ కలిపి బిగించి పంపేవాళ్ళు, ఆ నొక్కు మూతి దగ్గర కనిపిస్తుంది. 25 పౌండర్‌లో గుండు వేరు, తోటా వేరు. దూరాన్ని బట్టి మందు సంచులు తగ్గించుకోవడానికి తోటా మూతి తెరుచుకునేలా ఉండేది. సంచులకి ఎరుపు, తెలుపు, నీలం రంగులు. మా చెంబు మూతికి ఏ నొక్కూ లేదు. ఇంకో పక్క ఇంగ్లీషు "సి" అక్షరం, దాని కడుపులో బాణం. బాణం అంటే సర్కారు సొత్తు. "సి" లోపల బాణం ఉంటే కెనడా సర్కారుది. పక్కన 1942. బస్రా చెంబు కెనడాలో పుట్టింది!

నాన్నకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పెద్దన్నదేమో" అన్నాడు. నాన్న పెద్దన్న అనేది మా పెద్దతాతని. తాతకి అన్న, రెండో యుద్ధంలో ఆయనా సాపరే, బర్మా వైపు వెళ్ళాడట. తిరిగొచ్చాక పెళ్ళి చేసుకోలేదు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు, తొందరగా పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. ముత్తాతకి మాత్రం పెద్ద ఫోటో, పక్కన మెడల్.

నేను ఆగింది ఇక్కడే. ఇది ముత్తాతది కాదని గుర్తులు తేల్చాయి. పెద్దతాతదని తేల్చలేదు. సాపర్లు వంతెనలు వేసేవాళ్ళు, ఫిరంగి పేల్చేవాళ్ళు కాదు. ఆయన ఎక్కడో ఏరుకుని ఉండొచ్చు, యుద్ధం అయ్యాక శివాజీనగర్ గుజిరీ అంగడిలో ఎవరైనా తూకానికి కొని ఉండొచ్చు. మా భాషలో చెప్పాలంటే ఒక బగ్ మూసేశాను, ఇంకోటి తెరిచాను.

మీ ఇళ్ళలో ఇలాంటిది ఉంటే చూసే ముందు ఒక మాట. తోటా అడుగున మధ్యలో ప్రైమర్ అనే బిళ్ళ ఉంటుంది. అక్కడ సూది పొడిచినట్టు గుంట ఉంటే సాధారణంగా పేలిందని గుర్తు, బిళ్ళ ఊడి ఖాళీ రంధ్రం ఉన్నా సరే, కానీ అదొక్కటే చూసి నమ్మకండి. బిళ్ళ నున్నగా ఉంటే ముట్టుకోవద్దు, తోమొద్దు, 112కి ఫోన్ చెయ్యండి. గుండు ముందు భాగంలో పెట్టే ఫ్యూజు ఇంకా ప్రమాదం. చుట్టూ అంకెలు చెక్కిన ఇత్తడి శంకువులా ఉంటుంది, కాగితాల మీద బరువుగా పెట్టుకోవాలనిపిస్తుంది. దాని వలయాల్లో మందు నూరేళ్ళయినా ఉండొచ్చు. అందం చూసి విప్పబోతే వేళ్ళు పోతాయి. సంతలో కొనడం గురించి అడిగేవాళ్ళకి కూడా అదే చెబుతాను: ఖాళీ అని కళ్ళతో చూడకుండా కొనొద్దు. పేలని మందుగుండు దగ్గర పెట్టుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం కూడా.

ఇంకొకటి, దయచేసి మెరుగు పెట్టకండి. ఇత్తడి మెరిస్తే ఇంటికి అందమే, కానీ మా చెంబు మీద ఫ్యాక్టరీ అక్షరాలు సగం చింతపండు తినేసింది. అవి ఉండుంటే ఏ ఊళ్ళో చేశారో కూడా తెలిసేది.

ఈ ఏడు అమ్మ పూలు పెట్టేటప్పుడు "ఇప్పుడు దీన్ని ఏమని పిలవాలి?" అంది. నాన్న "బస్రా చెంబనే అను, అలవాటు" అన్నాడు. చిత్రదుర్గలో ఉన్న అత్త ట్రంకులో పెద్దతాత డిశ్చార్జి కాగితం ఒకటి ఉందట. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తీయిస్తానంది.