హార్డ్ డిస్కు వేగానికి కొలతలు ఎలా పుట్టాయి?

కొడకండ్ల రైతు తన పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు అని చదువుకుంటాడు. నలభై గుంటలకు ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. దాన్ని దశాంశమనుకుని లెక్క కట్టినవాడు పన్నెండు గుంటలు పోగొట్టుకుంటాడు. పాత కంప్యూటర్ డిస్కుల వేగం దగ్గర ఇలాంటి పొరపాటు జరిగితే లెక్క ఏకంగా ఎనిమిది రెట్లు తప్పుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంగ్లిషు చిన్న ‘బి’ బిట్టుకు గుర్తు, పెద్ద ‘బి’ బైటుకు గుర్తు.

బైటుతో లెక్క కట్టడం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్, ఎ.ఎస్. రావు సారథ్యంలో తయారుచేసిన టీడీసీ-12 ఒక్కసారికి 12 బిట్ల ‘వర్డు’తో పనిచేసేది. అలాంటి యంత్రం సెకనుకు లక్ష వర్డులు పంపితే, నేటి లెక్కలో అది లక్షా యాభై వేల బైట్లు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 తర్వాతే ఎనిమిది బిట్ల బైటు ప్రపంచమంతా పాతుకుపోయింది.

1980లో షుగార్ట్ టెక్నాలజీ (తర్వాతి పేరు సీగేట్) ఎస్‌టీ-506 అనే 5 మెగాబైట్ల హార్డ్ డిస్కు తెచ్చింది. దాని హెడ్ చదివిన బిట్లు ఒకే వరుసలో, ఒకదాని వెనుక ఒకటి కంట్రోలర్ కార్డుకు వెళ్లేవి. అందుకే వేగాన్ని సెకనుకు 5 మెగాబిట్లు అన్నారు. ఎనిమిదితో భాగిస్తే 625 కిలోబైట్లు. 1986లో ప్రమాణంగా వచ్చిన స్కజీ అనే డిస్కు కనెక్షన్‌లో ఎనిమిది డేటా తీగలు పక్కపక్కనే నడిచాయి. ఒక్కో విడతకు ఒక బైటు దాటుతుంది కనుక దాని వేగాన్ని నేరుగా బైట్లలో, సెకనుకు 5 మెగాబైట్లుగా చెప్పారు. తీగలు పదహారు చేయగానే అదే గడియారంతో వేగం రెట్టింపైంది.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ కాలపు మామూలు పీసీ మూత తీస్తే వెడల్పాటి బూడిద రంగు రిబ్బన్ కేబుల్ కనిపించేది. అదే ఐడీఈ. అందులో 16 డేటా తీగలు, అంటే విడతకు రెండు బైట్లు. దాని పీఐఓ మోడ్ 4 అనే పద్ధతిలో ఒక్కో విడతకు 120 నానోసెకన్లు పడుతుంది. సెకనుకు 83 లక్షల పైచిలుకు విడతలు, వాటిని రెండుతో హెచ్చిస్తే 16.7 మెగాబైట్లు. తర్వాత అల్ట్రా డీఎంఏ 33, 66, 100, 133 వచ్చాయి. అవన్నీ మెగాబైట్లే. 66 నుంచి కేబుల్‌లో మొత్తం 40 తీగలకు బదులు 80 పెట్టారు. అదనంగా వచ్చిన నలభై, సంకేతాలు ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపే ఎర్త్ తీగలు.

వేగం పెరిగేకొద్దీ పదహారు సంకేతాలనూ ఒకే క్షణానికి చేర్చడం కష్టమైంది. 2003లో మార్కెట్లోకి వచ్చిన సాటా అనే కనెక్షన్ మళ్లీ ఒకే వరుసకు తిరిగింది, దాంతో కొలత కూడా మళ్లీ బిట్లలోకి వచ్చింది: సెకనుకు 1.5 గిగాబిట్లు. ఇక్కడ ఎనిమిదితో భాగించకూడదు. రెండు వైపులా గడియారం తప్పకుండా ఉండేందుకు ప్రతి ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపుతారు. కాబట్టి పదితో భాగించాలి. వచ్చేది 150 మెగాబైట్లు.

ఇంకో చిక్కు వెయ్యికీ 1024కీ మధ్య ఉంది. డిస్కు కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో లెక్కిస్తుంది. 500 జీబీ డిస్కు తెర మీద 465గా కనిపించేది అందుకే. ‘1.44 ఎంబీ’ ఫ్లాపీలో రెండూ కలిశాయి. దాని అసలు పరిమాణం 1440 × 1024 బైట్లు.

ఊళ్లోని ఫోటో స్టూడియోలో పాత పెళ్లి ఫోటోలున్న 40 జీబీ ఐడీఈ డిస్కు ఉందనుకుందాం. దాన్ని యూఎస్‌బీ 2.0 కన్వర్టర్‌తో కాపీ చేయాలి. పెట్టె మీద 480 అని చూసి మెగాబైట్లనుకుంటే నిమిషంన్నరలో పని అయిపోవాలి. అవి మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. కాగితం మీదే పదకొండు నిమిషాలు, వాడకంలో అందులో సగం వేగం వస్తే ఇరవై రెండు. సగంలో ‘ఆగిపోయింది’ అనుకుని కేబుల్ లాగేస్తే ఫైళ్లు దెబ్బతినవచ్చు.

ఇంట్లో, ఆఫీసులో పాత డిస్కులు మూలన పడి ఉంటే అవి పూర్తిగా మొరాయించకముందే కాపీ తీసుకోండి. మొదలుపెట్టే ముందు ఆ అంకె బిట్లదా, బైట్లదా అని చూసి, పట్టే సమయం లెక్క కట్టి, పని పూర్తయ్యేదాకా కదిలించకండి.