వయోవృద్ధుల వ్యాయామ తరగతులు - ప్రభుత్వ నిధులు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల చరిత్రపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలు వయోవృద్ధులకు నడిపే వ్యాయామ తరగతులకు ప్రభుత్వ నిధులు వెచ్చించడం సమంజసమా అన్న వివాదం 1978 తరువాత పలుమార్లు తలెత్తింది. ఖర్చు భరించే ఖజానా మారడం, హాజరు గంటలను నిధులుగా మార్చే సూత్రం మాత్రం మారకపోవడం ఈ వివాదానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కమ్యూనిటీ కళాశాలలు, వయోజన విద్య, నాన్‌క్రెడిట్ తరగతులు, ఆస్తిపన్ను, విద్యావ్యయం.

1. ప్రవేశిక:
1960లో రూపొందిన కాలిఫోర్నియా ఉన్నతవిద్యా బృహత్ ప్రణాళిక రెండేళ్ల కళాశాలల తలుపులను, చదువువల్ల మేలు పొందగల వారందరికీ తెరిచి ఉంచింది. 'మేలు' అన్న మాటకు హద్దు ఎక్కడ అన్నది ఆనాడు పెద్ద ప్రశ్న కాలేదు. 1970లలో పదవీవిరమణ పొందినవారి కోసం కళాశాలలు ప్రత్యేక కార్యక్రమాలు చేపట్టాయి. సాంటా మోనికా కళాశాల 1975లో ప్రారంభించిన ఎమెరిటస్ వాటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి కార్యక్రమాలలో సాహిత్యం, చిత్రలేఖనం వంటి వాటితోపాటు వ్యాయామానికి కూడా చోటు దక్కింది. పద్దెనిమిదేళ్ల విద్యార్థి పట్టా కోసం చేసే చదువుకూ, డెబ్బై ఏళ్ల వ్యక్తి మోకాళ్ల సత్తువ కోసం చేసే వ్యాయామానికీ ఒకే నిధి నుంచి డబ్బు రావచ్చునా అన్నది ఇక్కడి చర్చనీయాంశం.

2. 1978: ఖజానా మారిన సంవత్సరం:
అంతకుముందు కళాశాలల ఆదాయంలో ప్రధాన భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వచ్చేది. ఒక ఊరివారు తమ పన్నుతో తమ పెద్దలకు తరగతులు నడుపుకుంటే, అందులోని మంచిచెడ్డలు ఆ ఊరి ఓటర్లే తేల్చుకునేవారు. 1978 జూన్ 6న ఆమోదం పొందిన 13వ ప్రతిపాదన ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఆస్తిపన్ను రేటుకు 1 శాతం పరిమితి, మదింపు విలువ పెరుగుదలకు ఏడాదికి 2 శాతం పరిమితి ఏర్పడ్డాయి. కళాశాలలను ఆదుకునే భారం ప్రధానంగా రాష్ట్ర ఖజానాపై పడింది. దానితో, సముద్రతీరపు సంపన్న పట్టణంలో జరిగే తరగతికి లోతట్టు వ్యవసాయ జిల్లా పన్నుదారుడు కూడా వాటాదారుడయ్యాడు.

ఇక్కడ గమనించదగిన వైచిత్రి ఒకటి ఉంది. పెరిగే పన్ను కట్టలేక వృద్ధులు సొంత ఇళ్లు కోల్పోతారన్న భయం 13వ ప్రతిపాదన ప్రచారానికి బలమైన ఆధారం. వృద్ధుల ఇంటిని కాపాడిన ఆ నిర్ణయమే వృద్ధుల తరగతిని సందేహాస్పదం చేసింది.

1982లో శాసనసభ వినోద, అభిరుచి, వ్యక్తిగత వికాస కోర్సులను లక్ష్యంగా చేసుకుని కళాశాలల నిధుల్లో 3 కోట్ల డాలర్ల కోత విధించింది. 1980ల తొలి సంవత్సరాలకే రాష్ట్ర సహాయానికి అర్హమైన నాన్‌క్రెడిట్ బోధన తొమ్మిది వర్గాలకు పరిమితమైంది. ప్రాథమిక నైపుణ్యాలు, ఆంగ్ల భాష, పౌరసత్వ విద్య, స్వల్పకాలిక వృత్తివిద్య వంటి వాటి సరసన వయోవృద్ధుల విద్య కూడా నిలిచింది. ఆ వర్గాలలో అత్యధికం ఏమి నేర్పాలో చెబుతాయి. వయోవృద్ధుల వర్గం ఎవరికి నేర్పాలో మాత్రమే చెబుతుంది. వ్యాయామం ఆ వెసులుబాటులోనే నిలదొక్కుకుంది.

3. గంటల లెక్క:
రాష్ట్రం కళాశాలకు చెల్లించేది 'పూర్తికాల విద్యార్థి సమానం' అనే కొలమానం ప్రకారం. 525 బోధన గంటలు ఒక సమానం. వారానికి 3 గంటల చొప్పున 15 వారాలు సాగే తరగతికి 35 మంది వృద్ధులు క్రమం తప్పక హాజరయ్యారని ఊహిద్దాం. మొత్తం 1,575 గంటలు, అంటే 3 సమానాలు. 2006లో వచ్చిన నిధుల సంస్కరణ చట్టం సమానానికి క్రెడిట్ తరగతుల్లో 4,367 డాలర్లు, సాధారణ నాన్‌క్రెడిట్ తరగతుల్లో 2,626 డాలర్లు నిర్ణయించింది. ఆ లెక్కన పై తరగతికి నాన్‌క్రెడిట్ కింద 7,878 డాలర్లు రాగా, అవే గంటలు క్రెడిట్ కింద చేరితే 13,101 డాలర్లు వస్తాయి. వ్యాయామం ఒకటే, చేసేవారూ వారే. పద్దు మారితే విలువ మారుతుంది. వృత్తివిద్యకు, కళాశాల సన్నాహక విద్యకు అదే చట్టం 3,092 డాలర్ల మెరుగైన నాన్‌క్రెడిట్ రేటు ఇచ్చింది. వయోవృద్ధుల తరగతులకు ఆ రేటు వర్తించలేదు. రాష్ట్రం తన ప్రాధాన్యాన్ని నిషేధంతో కాక ధరతో ప్రకటించిందన్నమాట.

4. మాంద్యకాలపు సంస్కరణలు:
2008 ఆర్థిక సంక్షోభం తరువాత నిధులు తగ్గి, విద్యార్థుల సంఖ్య సుమారు 29 లక్షల నుంచి 24 లక్షలకు పడిపోయింది. క్రెడిట్ యూనిట్ రుసుము 20 డాలర్ల నుంచి 2012 నాటికి 46 డాలర్లకు చేరింది. నాన్‌క్రెడిట్ తరగతులకు మాత్రం రుసుము లేదు. తొలి సెమిస్టరు విద్యార్థికి అవసరమైన గణిత తరగతిలో చోటు దొరకని కాలంలో, ఒకే వ్యాయామ కోర్సులో ఏటేటా చేరేవారికి రాయితీ ఎందుకన్న ప్రశ్నకు సహజంగానే బలం చేకూరింది. శాసనసభకు సలహాలిచ్చే విశ్లేషణ కార్యాలయం కూడా ఇటువంటి రాయితీలకు పరిమితి కోరింది.

2013లో అమలైన నిబంధనలు వ్యాయామ, లలితకళల క్రెడిట్ కోర్సులను మళ్లీ మళ్లీ తీసుకునే వీలును చాలావరకు తొలగించాయి. నాన్‌క్రెడిట్ తరగతులకు ఆ పరిమితి వర్తించలేదు. అందువల్ల పునరావృతి కోరే వారికి రెండు దారులు మిగిలాయి: తక్కువ రేటు గల నాన్‌క్రెడిట్ తరగతి, లేదా రాష్ట్ర నిధులతో సంబంధం లేకుండా రుసుములతోనే నడిచే సామాజిక సేవా తరగతి. రెండవ దారిలో పింఛనుపై బతికే వారు వెనుకబడతారు, చెల్లించగలవారు నిలబడతారు. సంపన్నుల వినోదానికి ప్రజాధనమా అన్న విమర్శకు ఇచ్చిన ఈ జవాబు తొలుత బయటకు పంపేది పేద వృద్ధులనే.

5. మేలు ఒకరికి, ఖర్చు మరొకరికి:
వృద్ధుల వ్యాయామం నిష్ప్రయోజనమన్న వాదన నిలవదు. 2019లో ప్రచురితమైన కోక్రేన్ సమీక్ష, ఇళ్లలో నివసించే వృద్ధులు పడిపోయే ఘటనల రేటును వ్యాయామం సుమారు 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఎముక విరగకపోతే మిగిలే వైద్యవ్యయం ఎవరిది? చాలామేరకు అది 1965లో ఏర్పడిన మెడికేర్‌ది, అంటే కేంద్ర ప్రభుత్వానిది. తరగతి ఖర్చు మాత్రం, పాఠశాలలకూ కమ్యూనిటీ కళాశాలలకూ కనీస వాటా హామీ ఇస్తూ 1988లో ఓటర్లు ఆమోదించిన 98వ ప్రతిపాదన నిధి నుంచి వెళ్తుంది. బడిపిల్లల వాటాతో ఒకే పళ్లెంలో ఉన్న సొమ్ము అది. ఆరోగ్యశాఖ చేయవలసిన పనిని విద్యాశాఖ పద్దులో చేయించడమే అసలైన లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే ఆ పద్దును ముందుగా మూసివేయడం పరిష్కారం కాదు. ఆరోగ్యశాఖ ఆ బాధ్యత స్వీకరించకముందే కళాశాల తప్పుకుంటే, తరగతి అదృశ్యమవుతుంది. ఆదా అయినట్టు కనిపించిన డాలరు ఆసుపత్రి బిల్లులో తిరిగి కనిపిస్తుంది.

6. ముగింపు:
విద్యావ్యయ చరిత్రను పరిశోధించేవారు విధాన ప్రకటనలకే పరిమితం కాకుండా నిధుల సూత్రాలనూ మూలాధారాలుగా చదవవలసి ఉంది. కాలిఫోర్నియాలో వ్యాయామం విద్యేనా అన్న ప్రశ్నను కొరత వచ్చిన ప్రతిసారీ లేవనెత్తారు. ప్రతిసారీ జవాబు ఇచ్చింది గంటల లెక్కే. 525 గంటల కొలమానానికి గణితమూ కసరత్తూ సమానమే. వాటి మధ్య తేడాను నిర్ణయించవలసిన బాధ్యత శాసనకర్తలది. వారు ఆ నిర్ణయాన్ని రేట్లకూ పునరావృతి నిబంధనలకూ వదిలివేయడంవల్లనే ఈ వివాదం నాలుగు దశాబ్దాలు దాటినా తెగలేదు.