ఇతరుల కన్నులతో తమను తాము చూచుకొనుట

మనుష్యుని సుఖము ధనారోగ్యములపై మాత్రమే ఆధారపడి యుండదు. తన్ను గూర్చి లోకమేమనుకొనుచున్నదో అదియును సుఖమునకు మూలమే. ఒక జాతివారికందరికిని ఒకే ముద్ర వేసి, ఆ ముద్రనుబట్టియే ప్రతివానిని చూచు అలవాటు మనస్సునెంతగా గాయపరచునో అమెరికా నల్లజాతి రచయితలు చక్కగా చూపియున్నారు.

డ్యూబోయిస్ పండితుడు 1903లో ప్రకటించిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అను గ్రంథమున తన బాల్యమునాటి సంగతి నొకదానిని తెలిపెను. బడిపిల్లలు విజిటింగు కార్డులు మార్చుకొనుచు ఆడుకొనుచుండగా, క్రొత్తగా వచ్చిన బాలిక యొకతె ఆయన కార్డును పుచ్చుకొన నిరాకరించెను. తక్కినవారికిని తనకును నడుమ ఒక తెర కలదని ఆ బాలునికి నాడు తెలిసెను. నల్లవాడు ఎల్లప్పుడు ఇతరుల కన్నులతోనే తన్ను తాను చూచుకొనవలసి వచ్చుచున్నదని ఆయన వివరించెను.

ఇది కేవలము కవిభావన కాదు. కెన్నెత్ క్లార్కు, మేమీ క్లార్కు అను మనశ్శాస్త్రజ్ఞులైన దంపతులు రంగు తప్ప వేరు భేదము లేని బొమ్మలను మూడు మొదలు ఏడేండ్ల వరకు గల నల్లజాతి పిల్లల ముందుంచి ప్రశ్నించిరి. ఎక్కువమంది తెల్ల బొమ్మనే మంచిదనిరి. ఆ పరిశోధన 1947లో ప్రకటింపబడెను. 1954లో పాఠశాలలయందలి వర్ణవిభజన చెల్లదని తీర్పు చెప్పుచు, అమెరికా సుప్రీంకోర్టు క్లార్కు రచన నొకదానిని పేర్కొనెను.

టోనీ మారిసన్ 1970లో ప్రకటించిన 'ది బ్లూయెస్ట్ ఐ' అను నవలలో ఈ దుఃఖము పరాకాష్ఠ నందినది. 1941లో ఒహాయో రాష్ట్రమందలి లొరైన్ పట్టణమున జరిగిన కథ యది. పదునొకండేండ్ల పికోలా తాను కురూపినని నమ్మి, నీలికన్నులిమ్మని దేవుని వేడుకొనును. ఆమె తల్లి తెల్లవారి ఇంట పనిచేయును. ఒకనాడు ఆ వంటయింట వేడి పండ్లవంటకము బిడ్డ చేయి తగిలి క్రిందపడి, ఆమె కాళ్లు చురుక్కుమన్నవి. తల్లి కూతురిని కొట్టి, భయపడి యేడ్చిన యజమాని బిడ్డను ఓదార్చినది. ఇంటిలోని ఘోరములు కూడ తోడై, తుదకు పికోలాకు మతి చలించి, తనకు నీలికన్నులు వచ్చినవని భ్రమించును.

ఆ పట్టణములోనే క్లాడియా అను బాలిక కలదు. ఆమెయును నల్లనిదే, పేదదే. బహుమతిగా వచ్చిన తెల్ల బొమ్మను ఆమె ముక్కలు చేసినది. ఆమె తల్లి కసరుకొనును గాని, జ్వరము వచ్చిన రాత్రి బిడ్డను కనిపెట్టుకొని యుండును. లోకము వేసిన ముద్ర ఇద్దరికిని ఒకటియే. ఒక ఇల్లు దానిని గడపవద్ద నిలిపినది, మరియొకటి లోనికి రానిచ్చినది. భేదమిదియే.

తరతరములుగా పరభాషా ప్రాంతములయందు స్థిరపడిన మన కష్టములను ఆ జాతివారి కష్టములతో సరిపోల్చుట న్యాయము కాదు. అయినను మన ఇండ్లలో పుట్టిన బిడ్డను గూర్చి బంధువులు మొదట అడుగునది రంగు సంగతియే గదా! పెండ్లిచూపుల నాడును అదే మాట. ఇరుగుపొరుగు జాతులపై మనము వినోదమునకు వేయు ముద్రలను కూడ పిల్లలు వినుచునే యున్నారు. వీధిలోని నోళ్లను మనము మూయలేము. మన గడప లోపలి మాట మాత్రము మన వశమందే కలదు.