కౌనస్ బాస్కెట్‌బాల్

లిథువేనియాలో బాస్కెట్‌బాల్‌ను రెండో మతం అంటారు. ఆ మతానికి పుణ్యక్షేత్రం రాజధాని విల్నియస్ కాదు. నెమునస్, నెరిస్ నదులు కలిసేచోట ఉన్న కౌనస్ నగరం.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశం స్వతంత్రమైంది గాని విల్నియస్ పోలండ్ చేతికి చిక్కింది. దాంతో కౌనస్ తాత్కాలిక రాజధాని అయింది. చిన్నప్పుడే అమెరికా వలసపోయి, అక్కడి సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన స్టెపోనస్ దారియుస్ 1920ల్లో ఈ ఆటను ఇక్కడివాళ్లకు నేర్పాడు. అతను విమాన చోదకుడు కూడా. 1933లో సహచరుడు గిరేనస్‌తో కలిసి న్యూయార్క్ నుంచి కౌనస్‌కు విమానంలో బయలుదేరి, అట్లాంటిక్ దాటాక జర్మనీలో కూలి మరణించాడు. కౌనస్ స్టేడియానికి ఆ ఇద్దరి పేర్లే పెట్టారు.

ఆట వేళ్లూనింది కూడా అమెరికా లిథువేనియన్ల చలవతోనే. వాళ్ల అండతో 1937లో రీగాలో జరిగిన యూరప్ పోటీల ఫైనల్‌లో లిథువేనియా 24-23తో ఇటలీని ఓడించింది. గెలిచిన దేశమే తర్వాతి పోటీలకు ఆతిథ్యమివ్వాలి. ఇవ్వడానికి హాలేదీ? ఓక్ చెట్ల తోపు పక్కన, ఇంజనీరు అనతోలియుస్ రోజెన్‌బ్లియుమస్ నమూనాతో, కొద్ది నెలల్లోనే స్పోర్ట్స్ హాల్ లేచింది. బాస్కెట్‌బాల్ కోసమే యూరప్‌లో కట్టిన మొదటి హాలు ఇదేనంటారు.

1939 మేలో అక్కడి తొలి పోరు లాత్వియాతో. లాస్ ఏంజిలిస్‌లో పుట్టి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చిన జట్టులో ఆడిన ప్రానస్ లుబినస్ ఇప్పుడు లిథువేనియాకు ఆటగాడు, కోచ్ కూడా. చివరి క్షణంలో అతను వేసిన బాస్కెట్‌తో స్కోరు 37-36. ఒక్క పాయింటు! ఆ తర్వాత మిగతా ఆరు మ్యాచ్‌లూ గెలిచి లిథువేనియా కిరీటం నిలబెట్టుకుంది. మరుసటి ఏడాదే దేశం సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది.

1944లో జాల్గిరిస్ క్లబ్ పుట్టింది. 1410లో పోలండ్, లిథువేనియా సేనలు ట్యుటానిక్ నైట్లను చిత్తుచేసిన యుద్ధం పేరది. ఓడినవాళ్లు జర్మన్ యోధులు కావడంతో సోవియట్ పాలకులకూ ఆ పేరు మింగుడుపడింది. స్థానికులకైతే అది సొంత చరిత్ర. క్లబ్ 1947, 1951లలో సోవియట్ చాంపియన్ అయింది. అసలు రోజులు మాత్రం 1980ల్లో వచ్చాయి. కోచ్ వ్లాదస్ గారస్తస్, కౌనస్‌లోనే పుట్టిన 221 సెంటీమీటర్ల ఆర్విడాస్ సబోనిస్ కలిసి 1985, 86, 87లలో వరుసగా సోవియట్ టైటిల్ పోరులో మాస్కో సైనిక క్లబ్ సీఎస్‌కేఏను ఓడించారు. మాస్కో జట్టు మీద గెలుపంటే కౌనస్‌లో అది ఆట ఒక్కటే కాదు. బయటికి అనలేని మాటలన్నీ గ్యాలరీల్లో అరుపులుగా బయటపడేవి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టుకు సబోనిస్‌తో పాటు మార్చులియోనిస్, కుర్తినైతిస్, హోమిచుస్ వెన్నెముకగా నిలిచారు. నలుగురూ లిథువేనియన్లే.

1990లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న లిథువేనియా 1993లో సొంత లీగ్ మొదలుపెట్టింది. అందులో ఎక్కువ టైటిళ్లు జాల్గిరిస్‌వే. విల్నియస్ జట్టు రీతస్ గట్టి ప్రత్యర్థిగా ఎదిగాకే లీగ్‌కు ఉప్పూకారం తోడయ్యాయి. 1999లో మ్యూనిక్‌లో జాల్గిరిస్ 82-74తో బొలోన్యా జట్టును ఓడించి యూరోలీగ్ కప్పు అందుకుంది.

పాత హాలు ఇరుకైపోవడంతో 2011 ఆగస్టులో నెమునస్ నదిలోని దీవి మీద జాల్గిరిస్ అరీనా తెరిచారు. 15 వేల మందికి పైగా కూర్చోవచ్చు. మరుసటి నెలలోనే యూరప్ పోటీల నాకౌట్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జట్టు 67-65తో మాసిడోనియా చేతిలో ఓడింది. మాసిడోనియా ప్రధాన ఆటగాడు బో మెక్‌కేలెబ్ కూడా, నాటి లుబినస్‌లాగే, అమెరికాలో పుట్టినవాడే. కప్పు స్పెయిన్‌కు వెళ్లింది. లిథువేనియాకు దక్కింది అయిదో స్థానం.